ముందు పాలు పొంగించండి, తర్వాత నేల పని పెట్టుకోండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ప్రతి ఉగాదికీ మీ పత్రిక వేసే పంచాంగ అనుబంధంలో గృహప్రవేశ ముహూర్తాల పట్టిక ఒకటి ఉంటుంది. అమెరికాలో ఇల్లు కొనుక్కునే మన పిల్లలు ఆ పట్టిక చూస్తారో లేదో గానీ, తెనాలిలోనో కరీంనగర్‌లోనో అనంతపురంలోనో ఉన్న వారి తల్లిదండ్రులు మాత్రం తప్పక చూస్తారు. చూసి, తమ ఊరి పురోహితుల్ని అడిగి, అబ్బాయి నక్షత్రానికీ కోడలి నక్షత్రానికీ కుదిరిన రోజును ఫోనులో చెబుతారు. అలా కుదిరిన తేదీ చివరికి వచ్చి ఆగేది నా దగ్గర. నేను న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎడిసన్ పరిసరాల్లో, ఇళ్లలోని పాత చెక్క నేలలకు సాండింగ్ పట్టి, నునుపు చేసి, కొత్త పూత వేసే కాంట్రాక్టు పని చేస్తాను. ఆ తేదీ వల్ల నా పనికి వచ్చే ఇబ్బందిని ఆ పెద్దవాళ్లకు నేరుగా చెప్పుకొనే దారి మీ పత్రిక తప్ప నాకు మరొకటి కనబడలేదు. ఉత్తరం కొంచెం పొడుగైనా పూర్తిగా వేయవలసిందని కోరుతున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్నగారు వడ్రంగి. తలుపులు, మంచాలు, నాగళ్లు చేసేవారు. మా అక్క దరఖాస్తు పెట్టిన పదకొండేళ్లకు వీసా వచ్చి, 2007లో నేను భార్యాపిల్లలతో ఇక్కడికి చేరాను. నాకు కంప్యూటరు చదువు లేదు. ఒక పోలండ్ మేస్త్రీ దగ్గర కూలికి చేరి, ఆరేళ్లు ఆయన వెంట తిరిగి ఈ పని నేర్చుకున్నాను. 2013లో సొంతంగా మొదలుపెట్టాను. ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి, 5 లక్షల డాలర్లకు తక్కువ కాని బీమా కావాలి, 500 డాలర్లు దాటిన ఏ పనికైనా రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. నా ఖాతాదారుల్లో సగానికి పైగా తెలుగువాళ్లే. తలుపు తీయగానే ‘మీరు తెలుగువారా, ఈ పని చేస్తారా’ అని ఆశ్చర్యపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. ఔనండీ, ఇదే మా ఇంటి పని అని చెబుతాను.

ఇక్కడి చెక్క నేల అంటే ఏమిటో ఊళ్లో ఉన్నవారికి కొంత చెప్పాలి. మనకు ఇల్లంటే కింద గచ్చో, షాబాదు బండలో, ఇప్పుడైతే గ్రానైటో టైల్సో. ఎడిసన్ చుట్టుపక్కల 1950ల్లో కట్టిన ఇళ్లలో చాలావాటికి ఓక్ చెక్క నేలలు ఉంటాయి. రెండుంపావు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న పలకలను ఒకదాని గాడిలో ఇంకొకదాని అంచు దిగేలా జోడించి, మేకులు కనబడకుండా ఏటవాలుగా కొట్టి పరుస్తారు. తర్వాతి కాలంలో కార్పెట్ల మోజు వచ్చి ఈ నేలలన్నీ వాటి కింద పడిపోయాయి. ఇల్లు కొన్న పిల్లలు ఓ మూల కార్పెట్టు లేపి చూసుకుని, కింద ఓక్ ఉందని సంబరపడి నన్ను పిలుస్తారు. ముప్పావు అంగుళం పలకను జాగ్రత్తగా చేస్తే నాలుగైదు సార్లు అరగదీయవచ్చు. అంటే ముప్పై నలభై ఏళ్లకోసారి చొప్పున అది ఆ ఇంటివాళ్ల మనవల కాలం దాకా ఉంటుంది. ఒక్కసారి తొందరపడి లోతుగా లాగేస్తే, పలక గాడి పైనున్న పల్చటి అంచు చిట్లిపోతుంది, ఇక దానికి మందు లేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలని ఉంది. పాలీయురేథేన్ అనే రసాయన పూత 1960ల నుంచి వ్యాపించక ముందు, అమెరికా ఇళ్ల నేలల మీద షెల్లాక్ పూసేవారు. షెల్లాక్ అంటే మన లక్కే. మన దేశపు అడవుల్లో పురుగు కొమ్మల మీద పెట్టిన లక్కను కరిగించి, వడగట్టి, రేకులుగా చేసి ఓడల్లో పంపితే, ఇక్కడ స్పిరిట్‌లో కలిపి నేలలకు పూశారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మకు మెరుపు తెచ్చేదీ ఆ లక్కే. పాత ఇళ్లలో గది మూల స్పిరిట్ తడిపిన గుడ్డతో రుద్దినప్పుడు రంగు మెత్తబడి గుడ్డకు అంటితే అది లక్క పూత అని తెలుస్తుంది. అలా తెలిసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక పని సంగతి. మొదటి రోజు ఉదయం నేను, నా ఇద్దరు సహాయకులు సాండింగ్ మిషను మెట్లెక్కించడంతో మొదలవుతుంది. దాని బరువు దాదాపు 80 కిలోలు. మన ఊళ్లలోలా కాదు, ఇక్కడ గోడలో ఉండే మామూలు ప్లగ్గులో తక్కువ వోల్టుల కరెంటే వస్తుంది, అది దానికి సరిపోదు, 220 వోల్టుల కరెంటు కావాలి. బట్టలారబెట్టే మిషను ప్లగ్గు నుంచో మెయిన్ బోర్డు నుంచో తీగ లాక్కుంటాం. మిషను పెట్టేముందు మోకాళ్ల మీద నడుస్తూ నేలంతా తడిమి, పైకి తేలిన మేకుల్ని సుత్తితో లోపలికి దించాలి. ఒక్క మేకు తల మిగిలినా అది కాగితాన్ని చీల్చేస్తుంది. అంతకంటే ప్రమాదం, నిప్పురవ్వ లేచి దుమ్ము సంచిలో పడుతుంది. ముందు 36 నంబరు గరుకు కాగితం, తర్వాత 60, ఆ తర్వాత 80, చివరికి 100. నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తనవుతుంది. ఒక్క నంబరు దాటవేసినా దాని గీతలు పూత వేశాక బయటపడతాయి. మిషను మీద చేయి వేసినవాడు నడుస్తూనే, గరుకు కాగితం చుట్టి గిర్రున తిరిగే డ్రమ్మును నేలకు దించాలి, నడుస్తూనే ఎత్తాలి. అడుగు ఆగి డ్రమ్ము ఆగకపోతే, కన్ను మూసి తెరిచేలోగా అరచేతి వెడల్పున గుంట పడుతుంది. ఈ ఒక్క నడక పట్టుబడడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

మిషను గోడ దాకా వెళ్లదు. అంచుల వెంట వేరే చిన్న మిషనుతో మోకాళ్ల మీద కూర్చుని చేయాలి. ఆ మిషనూ వెళ్లని మూలల్లో, గదిని వెచ్చబరిచే రేడియేటర్ల కింద, గుమ్మాల దగ్గర చేత్తో గీకడమే. గీకే కత్తికి ప్రతి అయిదు నిమిషాలకూ ఆకురాయి పట్టాలి. మా నాన్నగారు చిత్రిక పట్టిన పలకను ఎండలోకి తీసుకువెళ్లి, కంటికి సమంగా ఎత్తి చూసేవారు. నేను నేలనైతే ఎత్తలేను గనుక చెంప నేలకు ఆనించి పడుకుని, కిటికీ వెలుతురుకు ఎదురుగా చూస్తాను. ఎత్తుపల్లాలు నీడలుగా కనబడతాయి. చూపుకు అందనివి అరచేతికి అందుతాయి.

ఇదంతా అయ్యాక పూత. ముహూర్తంతో పేచీ వచ్చేది ఇక్కడే. గది దూరపు గోడ దగ్గర మొదలుపెట్టి, మేజోళ్లతో, వెనక్కి వెనక్కి నడుస్తూ, పలకల వాలు వెంటే బ్రష్షు లాగుతూ గుమ్మం దాకా వస్తాం. తడి అంచు ఆరకముందే పక్క పట్టీ కలవాలి, లేకపోతే అతుకు కనబడుతుంది. ఆ సమయంలో ఫ్యాను తిరగకూడదు, ఏసీ ఉండకూడదు, గాలికి లేచిన చిన్న పీచు కూడా పూతలో పడకూడదు. జూన్ నెల మధ్యాహ్నం ముఖానికి వాయువుల మాస్కు కట్టుకుని చేసే పని అది. నూనె ఆధారంగా చేసిన పాలీయురేథేన్ అయితే ఒక పూతకూ మరో పూతకూ మధ్య కనీసం 24 గంటల ఎడం ఉండాలి. వానాకాలపు తేమలో అది ఒకటిన్నర రోజు, రెండు రోజులు కూడా అవుతుంది. అలాంటివి మూడు పూతలు వేయాలి. మూడోది వేశాక ఒక రోజుకు మేజోళ్లతో నడవవచ్చు, నాలుగైదు రోజులకు సామాను పెట్టవచ్చు, తివాచీ పరచాలంటే నెల ఆగాలి.

‘చేయి పెట్టి చూశామండీ, ఆరిపోయింది కదా’ అంటారు. మామిడి తాండ్ర ఎండబెట్టే ఇంటివాళ్లకు ఇది చెప్పనవసరం లేదు. చాప మీద రసం పోసిన సాయంత్రానికే పైపొర చేతికి అంటుకోదు, కానీ లోపల పచ్చిగానే ఉంటుంది. ఆ పొర ఎండకముందే మరో పొర పోసినా, మడతపెట్టినా తాండ్ర పులుస్తుంది. నూనె పూత కూడా అంతే. అందులో పలుచన కోసం కలిపిన ద్రావకం ఆవిరైతే ఆరినట్టు కనిపిస్తుంది, అసలు గట్టిపడడం మాత్రం గాలిలోని ప్రాణవాయువును మెల్లమెల్లగా పీల్చుకుంటూ దాదాపు నెల రోజులు సాగుతుంది. నీటి ఆధారమైన పూత దీనికంటే త్వరగా, కొన్ని గంటల్లోనే తర్వాతి పూతకు సిద్ధమవుతుంది, వారం పది రోజుల్లో చాలావరకు గట్టిపడుతుంది. ఖర్చు ఎక్కువ. అయినా తేదీ దగ్గరపడితే నేను అదే వేయమంటాను. చాలామంది నూనె పూతలోని బంగారు ఛాయ కోసం, తక్కువ ధర కోసం దాన్నే కోరతారు.

ఇప్పుడు తేదీల సంగతి చూడండి. ఇక్కడ బ్యాంకు రుణం తేలి, క్లోజింగ్ అనే రోజున సంతకాలు అయితే గానీ ఇంటి తాళం చేతికి రాదు. ఆ రోజు రెండుసార్లు వాయిదా పడడం మామూలే. పిల్లల బడులకు సెలవులిచ్చే జూన్ చుట్టుపక్కలే కొనుగోళ్లు ఎక్కువ. ఆ తర్వాత ఆషాఢం వచ్చేస్తుంది. మధ్యలో మూఢం వస్తే ఇంకా కష్టం. జ్యేష్ఠంలో మిగిలిన రెండు మూడు మంచి రోజుల మీదే అందరి కళ్లూ ఉంటాయి. తల్లిదండ్రుల విమాన టిక్కెట్లు కొనేసి ఉంటాయి. క్లోజింగ్ వారం వెనక్కి జరుగుతుంది, ముహూర్తం మాత్రం జరగదు. ఆ పోయిన వారం రోజులనూ నా పని నుంచి కోసేస్తారు. ఎనిమిది రోజుల పనిని నాలుగు రోజుల్లో చేయమంటారు. నేను కుదరదంటే చేస్తానని ఒప్పుకునేవాడు మరొకడు దొరుకుతాడు, వాడు ఒక నంబరు కాగితం దాటవేస్తాడు, ఒక పూత ఎగ్గొడతాడు.

2018లో నేనూ అలాగే ఒప్పుకున్నాను. గురువారం సాయంత్రం ఆఖరి పూత, ఆదివారం తెల్లవారుజామున ముహూర్తం. ముందువైపు హాల్లో వాస్తు హోమం ఉంటుందని నాకు వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. గురువారం పని ముగించి వెళ్తూ, కింద బేస్‌మెంటులో ఉన్న గ్యాసు వాటర్ హీటర్‌ను ఆపేసి, మీట మీద టేపు అంటించి, ‘రేపు ఉదయం దాకా వెలిగించవద్దు’ అని తెలుగులోనే రాసి పెట్టాను. తడి పూత నుంచి లేచే ఆవిరి గాలికంటే బరువు గనుక అది మెట్ల మీదుగా కిందికే దిగుతుంది. దిగిన చోట చిన్న మంట ఉంటే చాలు. ఆ రాత్రి వాన పడింది. సామాను దించడానికి వచ్చిన బంధువులు కిటికీలన్నీ మూసేసి, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ల స్నానాలకు వేణ్ణీళ్లు కావాలని టేపు పీకి హీటర్ వెలిగించారు. ఏమీ కాలేదు. ఆ మాట రాస్తున్నప్పుడు ఇప్పటికీ నా చేయి వణుకుతుంది. కాకపోవడం వాళ్ల అదృష్టం, నా అదృష్టం, అంతే.

ఆదివారం రేకు పరిచి, ఇసుక పోసి, ఇటుకలు పేర్చి హోమం చేశారు. సాయంత్రం రేకు లేపితే దాని కింద పూత మెత్తబడి, చర్మం ఊడినట్టు రేకుతో పాటే లేచి వచ్చింది. చుట్టూరా నెయ్యి చుక్కలు, పసుపు అక్షతలు పూతలో కూరుకుపోయి ఉన్నాయి. ఒక అక్షత గింజను గోటితో తీయబోతే దాని ఆకారమే అచ్చుగా నేలలో మిగిలిపోయింది. కొబ్బరికాయ కొట్టిన చోట నీళ్లు పలకల సందుల్లోకి దిగి, పది రోజుల తర్వాత అంచులు పైకి లేచాయి. నాకు రావలసిన చివరి వాయిదా వాళ్లు ఇవ్వలేదు. నేను కూడా అడగలేదు, హాలంతా నా ఖర్చుతో మళ్లీ చేసిచ్చాను. ‘ఆదివారం ఇంట్లో ఏం చేస్తారు’ అన్న ఒక్క ప్రశ్న ఒప్పందం రాసుకున్న రోజునే నేను అడిగి ఉండవలసింది. ఇప్పుడు నా ఒప్పంద పత్రంలో మొదటి ప్రశ్న అదే.

నిప్పు గురించి ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో తలుపులకు, మంచాలకు పాలిష్ పెట్టించేవారికీ ఇది పనికొస్తుంది. అవిసె నూనె వంటి ఆరే నూనెలు తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే, ఎవరూ అగ్గిపుల్ల గీయకపోయినా అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. మాకు గంటన్నర దూరంలో ఉన్న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో, 1991 ఫిబ్రవరి 23న, చెక్క పనికి మెరుగు పెట్టినవారు 22వ అంతస్తులో వదిలేసిన అవిసె నూనె గుడ్డల నుంచే మంట పుట్టింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నీటి జల్లు యంత్రాలున్న 30వ అంతస్తు దగ్గరికి వచ్చాక గానీ మంటలు ఆగలేదు. 2004, 2005 సంవత్సరాల్లో మసాచుసెట్స్ రాష్ట్రంలో మా వంటి నేల పనివాళ్లు, వియత్నాం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, రెండు వేర్వేరు ఇళ్లలో లక్కర్ సీలర్ అనే త్వరగా ఆరే పూత వేస్తుండగా మంటలు లేచి ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడ నేలల కాంట్రాక్టు పనిలో దాన్ని వాడకూడదని చట్టం వచ్చింది. త్వరగా ఆరుతుంది అన్న ఒక్క గుణం కోసమే దాన్ని వాడేవారని గుర్తుంచుకోవాలి.

నా వరకు వస్తే, 2015 జూన్‌లో ఒక రాత్రి సాండింగ్ దుమ్ము నింపిన సంచిని బండిలోనే వదిలి ఇంటికి వచ్చాను. మర్నాడు ఉదయాన్నే మరో ఇంట్లో పని మొదలుపెట్టాలన్న తొందర. రాత్రి రెండింటికి పక్కింటాయన తలుపు బాదాడు. పాత వార్నిష్ కలిసిన ఆ దుమ్ము లోలోపల రాజుకుని, మంట లేకుండా, కుంపటిలో ఊక కాలినట్టు కాలుతోంది. సంచి పైభాగం చెక్కుచెదరలేదు, అడుగున బండి ఇనుము ఎర్రబడింది. అప్పటి నుంచి దుమ్ము ఏ పూటకాపూట ఇంటి బయట మూతున్న ఇనుప డబ్బాలోకి వెళ్తుంది, గుడ్డలు నీళ్లు నింపిన డబ్బాలోకి వెళ్తాయి. ఈ రెండు పనులకూ కలిపి పట్టేది పావుగంట. తొందర పడ్డ రోజున ముందుగా ఎగిరిపోయేదీ ఆ పావుగంటే.

దుమ్ము మంటతోనే కాదు, ఊపిరితోనూ హాని చేస్తుంది. కలప దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ముఖ్యంగా ముక్కులోనూ దాని చుట్టూ ఉన్న కుహరాల్లోనూ అది వస్తుంది. 1978కి ముందు కట్టిన ఇళ్లలోనైతే పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, అందుకే అలాంటి ఇళ్లలో పని చేసేవారు ప్రత్యేక శిక్షణ తీసుకోవాలని 2010 నుంచి ఇక్కడ నిబంధన. గుమ్మాలకు ప్లాస్టిక్ పరదాలు కట్టాలి, పని ఆపగానే వాక్యూమ్ చేయాలి, పిల్లలూ గర్భిణులూ ఆ ఛాయలకు రాకూడదు. మూడో రోజు ఇంటివాళ్లు వంటసామాను తెచ్చి పరదా తొలగించి లోపలికి నడిచేస్తే ఆ ఏర్పాటంతా దేనికి? నా దగ్గర పనిచేసే ఇద్దరూ ఈక్వడార్ నుంచి వచ్చినవాళ్లు. ఒకరికి యాభై రెండేళ్లు. ఆయన మోకాళ్లు ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు చప్పుడు చేస్తాయి. రాత్రి పదకొండు దాకా అంచులు పట్టమంటే కాదనడు, ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు. ముహూర్తం తేదీ మారదని మనం పట్టుబట్టినప్పుడు అది ఎవరి మోకాళ్ల మీద పడుతుందో ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు కనబడే అవకాశం లేదు, అందుకే రాస్తున్నాను.

ముహూర్తాలు మానుకోమని నేను చెప్పడం లేదు. నేనూ నా ఇంట్లో పాలు పొంగించుకున్నవాణ్ణే. నేను కోరేది వరుస మార్చమని. తాళం చేతికి రాగానే, పాత నేల మీదనే, మంచి రోజున గృహప్రవేశం చేసుకోండి. హోమం చేసుకోండి, గడపకు పసుపు రాయండి, కొబ్బరికాయ కొట్టండి, వచ్చిన బంధువులకు విస్తళ్లు వేసి భోజనాలు పెట్టండి. నెయ్యి ఒలికినా, పసుపు అంటినా, ఇసుక గీసినా నాకు ఇబ్బంది లేదు, ఎలాగూ పై పొర అంతా అరగదీస్తాను. నీళ్లు మాత్రం వెంటనే తుడవండి, గ్యాసు పొయ్యి దగ్గర మామూలు జాగ్రత్త తీసుకోండి. ఆ తర్వాత ఇంటిని నాకు పది రోజులు అప్పగించండి.

ప్రవేశం చేసిన ఇంట్లో మూడు రాత్రులు నిద్ర చేయాలి కదా, వెంటనే తాళం వేయవచ్చా అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇక్కడ పౌరోహిత్యం చేసే ఇద్దరిని ఇదే అడిగాను. నిద్ర చేయవలసిన రాత్రులు చేసి, ఆ తర్వాత మరమ్మతుకు ఇల్లు ఇవ్వడంలో దోషం లేదని ఇద్దరూ చెప్పారు. మీ పద్ధతి వేరైతే మీ పురోహితుల్నే అడగండి, కానీ తేదీ పెట్టకముందు అడగండి. గత మూడేళ్లలో తొమ్మిది ఇళ్లవాళ్లు ఈ వరుస ప్రకారం చేసుకున్నారు. అందులో ఒక ఇంట్లో నానమ్మగారు, గుంటూరు నుంచి వచ్చినావిడ, పాత నేల మీద పడ్డ హోమం మచ్చను అరగదీస్తుంటే గుమ్మం బయట కుర్చీ వేసుకుని చూస్తూ, ‘ఆ ముక్క కొంచెం ఉంచరాదూ నాయనా’ అన్నారు. ఉంచలేను గానీ, ఆ చోటి నుంచి వచ్చిన దుమ్మును విడిగా గుప్పెడు తీసి ఆవిడకు ఇచ్చాను. ఆవిడ దాన్ని పెరట్లో గులాబీ మొక్క మొదట్లో వేశారు.

ప్రవేశం తర్వాత నేల పని చేయించే వీలు లేక, కొత్త నేల మీదే ముహూర్తం తప్పదనుకుంటే, ఆఖరి పూతకూ ఆ రోజుకూ మధ్య నీటి పూతకైతే పది రోజులు, నూనె పూతకైతే నెల ఉండేలా చూడండి. అది కూడా కుదరకపోతే హోమాన్ని వెనక పెరట్లో, ఆరుబయట పెట్టుకుని, ఇంట్లో వంటగదిలో పాలు మాత్రం పొంగించండి. తివాచీలు, ప్లాస్టిక్ చాపలు పరవకండి. అన్నిటికంటే ముందు, ఇంట్లో ఏం చేయబోతున్నారో పనివాడికి చెప్పండి.

చెక్క నేల మీద మన కాపురం గురించి కూడా నాలుగు మాటలు. చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు ఈ నేలలకు మేలు. బూట్లతో తిరిగే ఇళ్లకంటే మన ఇళ్లలో పూత ఎక్కువకాలం నిలవడం నేను కళ్లారా చూశాను. బకెట్టు నీళ్లతో తడిగుడ్డ పెట్టే అలవాటు మాత్రం దీనికి పనికిరాదు. పండగలకు ఊరి నుంచి వచ్చిన అత్తగార్లు ప్రేమగా చేసే పని అది, నెల రోజుల్లో పలకలు దోనెల్లా వంగుతాయి. గుడ్డను గట్టిగా పిండి, తడి ఆనవాలు వెంటనే ఆరిపోయేంతగా తుడిస్తే చాలు. దేవుడి గదిలో దీపం కుందె కింద ఇత్తడి పళ్లెం ఉంచాలి. ముగ్గును వాకిట్లో వేసుకోవడం మంచిది, బియ్యప్పిండి సందుల్లో చేరితే చీమలు వదలవు.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఉగాదికి మీరు వేసే గృహప్రవేశ ముహూర్తాల పట్టిక కింద చిన్న అక్షరాల్లోనైనా ఒక్క వాక్యం చేర్చండి: ‘విదేశాల్లో చెక్క నేలలున్న ఇంటికి తేదీ నిర్ణయించే ముందు, నేల పని ఎప్పుడు పూర్తవుతుందో ఇంటివారిని అడగండి.’ ఇవాళ మధ్యాహ్నమే ఒక అబ్బాయి ఫోను చేశాడు. క్లోజింగ్ ఈ నెల 19న, వాళ్ల నాన్నగారు పెట్టిన ముహూర్తం 24న. నాన్నగారి నంబరు ఇమ్మని అడిగాను. రేపు ఉదయం, ఆయనకు సాయంత్రం అయ్యే వేళకు, మాట్లాడతాను.

ఇట్లు,
చెక్క నేలల పనివాడు, మీ పాఠకుడు
ఎడిసన్, న్యూజెర్సీ